కర్నూలు దాటినాక గంటా నలభై నిమిషాలు

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే, వాటి బరువెంతో పొడవెంతో చెప్పండి, ఆ తర్వాత మాట్లాడదాం అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. కాబట్టి దయ్యం కోసం ఇది చదవడం మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఇందులో చీకటి లేదు, పాడుబడ్డ ఇల్లు లేదు. జరిగిందంతా పట్టపగలు, మూడు వందల మంది చూస్తుండగా జరిగింది. ఇది ఒక లెక్క. రెండేళ్లయినా తేలని లెక్క.

నేను మైదుకూరు దగ్గర చేనేత ఇంట్లో పుట్టాను. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్క మాత్రం మగ్గం దగ్గరే నేర్చుకున్నాను. పడుగులో ఒక్క పోగు తప్పిందంటే ఆ తప్పు చీర పొడుగునా కనబడుతుంది. అందుకే 'దాదాపు' అనే మాట అంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు.

మా వైపు కువైట్‌కు మనిషిని పంపని వీధి ఉండదు. ఎవరు వస్తున్నా, ఎవరు పోతున్నా నా దగ్గరికి వచ్చి అడుగుతారు. విమానం ఎన్ని గంటలు, మన గడియారంలో ఎప్పుడు దిగుతుంది, ఇంటికి ఎప్పుడు చేరతారు అని. బడిలో అవతల పడేసిన గ్లోబు ఒకటి నా దగ్గరుంది. దాని మీద జరీ పోగు పరిచి కొలుస్తాను. నూలు పోగైతే లాగినకొద్దీ సాగుతుంది. జరీ పోగు అంతగా సాగదు. నా గ్లోబు మీద కువైట్ నుంచి హైదరాబాదుకు ఎనిమిది సెంటీమీటర్లకు పిసరంత తక్కువ వస్తుంది. అంటే మూడు వేల మూడు వందల డెబ్బై కిలోమీటర్లు. విమానం గంటకు ఎనిమిది వందలు పోతుంది. ఎక్కడానికి, దిగడానికి కాస్త కలుపుకుంటే నాలుగున్నర గంటలు. వెనక నుంచి గాలి తోస్తే పది నిమిషాలు తగ్గుతుంది. అటు పోయేటప్పుడు అదే గాలి ఎదురై అరగంట పెరుగుతుంది. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. జనం తప్పు చేసేది ఈ చివరి దగ్గరే. ఒకరు కలపాల్సింది తీసేస్తారు, ఇంకొకరు తీసేయాల్సింది కలుపుతారు. నేను ఇంతవరకూ ఎవరికీ పావుగంటకు మించి తప్పు చెప్పలేదు.

ఒక్కరికి తప్ప.

మా అన్న పోయి పదమూడేళ్లయింది. ఆయన కూతురు రేణుక. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. నాన్నను తీసుకుపోతున్న రోజు ఏడ్చి ఏడ్చి వసివాడిన పిల్లను దాని మేనమామ ఓబులేసు భుజాన ఎత్తుకుని తిరిగాడు. "నీకు నేనుండా. నీ పెండ్లికి గంప నేనే ఎత్తుతా" అన్నాడు. మా ఇళ్లల్లో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది మేనమామే. వెనక ఎవరు సాయం పట్టినా ముందు పట్టు మాత్రం ఆయనదే. తర్వాత ఓబులేసు కువైట్‌లో ఒక సేటు ఇంట్లో డ్రైవరుగా చేరాడు. పెళ్లి కోసమని నాలుగేళ్లుగా సెలవు పెట్టకుండా దాచుకున్నాడు. తీరా సేటు, పెళ్లికి ముందు రోజు సాయంత్రం గానీ వదలనన్నాడు.

పెళ్లి దిగువ అహోబిలంలో. ముహూర్తం పొద్దున పది గంటల నలభై ఎనిమిది నిమిషాలకు. విమానం అనుకున్న వేళకు బయలుదేరితే ఓబులేసు తొమ్మిదిన్నర లోపల వచ్చేస్తాడని చెప్పాను. గంటకు పైగా వెసులుబాటు. హైదరాబాదు విమానాశ్రయానికి మా వాళ్లకు ఎప్పుడూ తిరిగే కర్నూలు డ్రైవరు మస్తాన్‌ను కారుతో పంపించాను.

తెల్లవారి ఫోను చూస్తే ఓబులేసు మెసేజు. విమానం ఆలస్యమైంది, ఇప్పుడే ఎక్కుతున్నానని. వెంటనే కాగితం తీశాను. దిగేది ఐదూ యాభైకి. సామాను తీసుకుని బయటపడేది ఆరున్నరకు. అక్కడి నుంచి కర్నూలు దాటేదాకా నూట తొంభై మూడు కిలోమీటర్లు, పెద్ద రోడ్డు, రెండుంపావు గంటలు. కర్నూలు నుంచి ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం నూట ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. నంద్యాల ఊళ్లో నుంచే పోవాలి, ఆళ్లగడ్డ దాటాక రోడ్డు ఇరుకు. రెండూ ముప్పావు గంటలు. మొత్తం కలిపితే పదకొండున్నర.

ముహూర్తం దాటిన నలభై రెండు నిమిషాలకు.

పెళ్లి చేయించే అయ్యగారిని అడిగితే ఆ ముహూర్తం తప్పితే మధ్యాహ్నం దాకా మంచి ఘడియ లేదన్నాడు. పెళ్లికొడుకు వైపు వాళ్లు అప్పటికే మొహాలు ముడుచుకున్నారు. మా వదినతో చెప్పాను, ఓబులేసు అందడు, వరసకు మేనమామ అయ్యే పుల్లయ్యతో గంప ఎత్తిద్దామని. వదిన తల పట్టుకుని కూర్చుంది. పుల్లయ్య అయితే నన్ను పక్కకు లాగాడు.

"అప్పా, నాకు నడుము శానా నొప్పిగా ఉండాది. పిల్ల గంపలో ఉండంగా పట్టు తప్పితే ఏం గతి?"

"వెనక ఇద్దరు పట్టుకుంటారులే" అన్నాను.

"వెనకోళ్లు గంపను పట్టుకుంటారప్పా. నా నడుమును ఎవరు పట్టుకుంటారు?"

రేణుక గదిలోకి పోయి లెక్క చెప్పాను. కాగితం కూడా చూపించాను. అది కాగితం వైపు చూడనే లేదు.

"మామ వస్తాడు చిన్నాయనా."

"పదకొండున్నరకు వస్తాడమ్మా."

"నువ్వు లెక్క చెప్పొద్దు. మామ రాకుంటే నేను నడుచుకుంటా వస్తా. ఇంకొకరు ఎత్తితే ఎక్కను."

పెళ్లికూతురు నడిచి వస్తే మా వాళ్లలో అది చిన్న మాట కాదు. మేనమామ అలిగాడా, పోయాడా అని వందమంది వంద అంటారు. పెళ్లికొడుకు మేనత్త ఒకామె గుమ్మం దగ్గర నిలబడి మా మాటలన్నీ వింటూనే ఉంది.

ఎనిమిదీ నలభై ఏడుకు ఓబులేసు ఫోన్ చేశాడు. ఆ కాల్ ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

"బావా, కర్నూలు దాటినాం. టీ తీసుకుని బయల్దేరినాం."

"ఓబులేసూ, నిదానంగానే రా. తొందరపడి బండి తొక్కించొద్దు. నువ్వు ఎట్లా వచ్చినా అందవు."

కాసేపు మాట లేదు. తర్వాత "అందుతా బావా" అన్నాడు.

"ఎట్లా అందుతావు? ఇంకా నూట ముప్పై ఎనిమిది కిలోమీటర్లు ఉండాది కదా!"

"నీకు పుణ్యముంటాది, ఫోను పెట్టేయ్ బావా."

పెట్టేశాను. అతను ఫోన్ చేసిందే కర్నూలు నుంచి కాదేమో అని మీరు అనుకోవచ్చు. ఆ మాట నేనే అందరికంటే ముందు అనుకున్నాను. తర్వాత మస్తాన్ ఫోను అడిగి తీసుకుని చూశాను. కర్నూలుకు ముందున్న టోల్ గేటు మెసేజు ఎనిమిదీ ముప్పై ఆరుకు వచ్చింది. అక్కడి నుంచి ఊరి బయట రోడ్డు దాటేసరికి పది, పదకొండు నిమిషాలు పడుతుంది. సరిపోయింది. ఇంతవరకూ అన్నీ సరిపోయాయి. ఇక్కడి దాకా నా లెక్కకు రెండు నిమిషాలకు మించి తేడా లేదు.

తొమ్మిదీ యాభై రెండుకు మస్తాన్ కారు కల్యాణ మండపం ముందు వచ్చి ఆగింది.

నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. మా నాన్న వాచీ నా చేతికుంది. రోజూ కీ ఇవ్వాల్సిన పాత వాచీ. పొద్దున్నే రేడియో వార్తల టైముకు సరిచేసి పెట్టుకుంటాను. వారానికి నిమిషం కూడా తేడా రాదు. అందులో తొమ్మిదీ యాభై రెండు. వీడియో తీసేవాడి కెమెరాలో కారు వచ్చేది పడింది, అందులోనూ అదే టైము. ఆ వీడియో నా దగ్గరుంది. కావాలంటే చూపిస్తాను. ఎవరూ చూపించమనరు, అది వేరే సంగతి.

ఓబులేసు దిగి నాకేసి చూసి చేయెత్తి, లోపలికి పరుగెత్తాడు. వదిన గట్టిగా ఏడ్చింది. పుల్లయ్య అందరికంటే ఎక్కువ సంబరపడ్డాడు. నేను మాత్రం కారు దగ్గరే నిలబడిపోయాను.

కారు ముందు భాగంలో, గేరు పక్కన గ్లాసు పెట్టే గుంటలో కాగితపు కప్పులో టీ ఉంది. ఓబులేసు కర్నూలులో తీసుకుని తాగడం మరిచిపోయిన టీ. తెల్లవారుజాము నుంచి నాకు నీళ్లు తాగే తీరిక కూడా లేదు. చల్లారిపోయి ఉంటుందిలే అనుకుని ఒక్క గుక్కలో నోట్లో పోసుకున్నాను.

నాలుక కాలింది.

అంతే. ఈ అనుభవం మొత్తంలో నా ఒంటికి తెలిసిన ముక్క అదొక్కటే. రెండు రోజులు నాలుక మీద రుచి తెలియలేదు. తర్వాత ఇంట్లో అలాంటి కాగితపు కప్పులు తెచ్చి, టీ పోసి, వాచీ పెట్టుకుని ఆరుసార్లు చూశాను. పన్నెండు నిమిషాలు దాటితే ఏ టీ కూడా నాలుక కాల్చలేదు.

ముహూర్తానికి ఓబులేసు గంప ఎత్తాడు. రేణుక గంపలో తలొంచుకుని కూర్చుని ఏడుస్తూ నవ్వుతోంది. నాకు ఆ దృశ్యం చూసిన గుర్తుంది గానీ చూసిన తృప్తి లేదు. నూట ముప్పై ఎనిమిదిని అరవై ఐదు నిమిషాలతో భాగిస్తూ నిలబడ్డాను. గంటకు నూట ఇరవై ఏడు కిలోమీటర్లు. నంద్యాల ఊళ్లో, ఆళ్లగడ్డ బజార్లో, అహోబిలం రోడ్డు మీద గొర్రెల మందల మధ్య, సగటున నూట ఇరవై ఏడు!

అక్షింతలు పడగానే మస్తాన్‌ను పట్టుకున్నాను. అతను బయలుదేరేటప్పుడు, చేరినప్పుడు మీటరు అంకె చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. రెండింటికీ తేడా మూడు వందల ముప్పై ఒకటి. అంటే అడ్డదారి ఏదీ లేదు. దూరం ఎంతుండాలో అంతే ఉంది.

"మస్తాన్, నంద్యాలలో ఎన్ని సిగ్నళ్ల దగ్గర ఆగినావు?"

"గుర్తులేదన్నా. రోడ్డు ఖాళీగా ఉన్నట్టుండె."

"పెండ్లిళ్ల రోజున నంద్యాల ఖాళీగా ఉండిందా?"

"అన్నా, నేను బండి తోల్తాండా. నంద్యాలను చూసుకుంటా కూర్చుంటే ఓబులేసన్న నన్ను బతకనిస్తాడా? ఆకులేసినారు, పోయి తిను పో."

ఓబులేసును అడిగితే అంతకంటే అన్యాయం. నిద్రపోలేదన్నాడు. ఓర్వకల్లు దగ్గర రాతి గుట్టలు చూశాడట. ఆ తర్వాత నల్లమల కొండలు చూశాడట. "మద్దెన నంద్యాల యాడ పోయిందో నాకు తెల్దు బావా" అన్నాడు, అదేదో జేబులోంచి పడిపోయిన రుమాలు అన్నట్టు.

ఇక బంధువులు. ఒక్కొక్కరూ నాకు సమాధానం చెప్పేవాళ్లే. "కువైట్ టైమూ మన టైమూ కలిసిపోయి ఉంటాయి" అన్నాడు ఒకాయన. కర్నూలుకూ అహోబిలానికీ మధ్య కువైట్ టైము ఎక్కడి నుంచి వస్తుంది స్వామీ! "నరసింహస్వామి లాగేసుకున్నాడు" అన్నారు ఆడవాళ్లు. స్వామికి అంత శ్రద్ధే ఉంటే విమానాన్నే వేళకు బయలుదేరదీయొచ్చు కదా అన్నాను. దానికి నా మీద కోపం. "వచ్చినాడు కదప్పా, ఇంగేం కావల్ల నీకు?" అని పుల్లయ్య. అందరికీ మనిషి వచ్చాడు, చాలు. పదకొండూ ముప్పై రెండుకు రావాల్సినవాడు తొమ్మిదీ యాభై రెండుకు వస్తే, మధ్యలో గంటా నలభై నిమిషాలు ఏమైనట్టు? ఈ ప్రశ్న ఒక్కరికీ అక్కర్లేదు.

ఇంతటితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు. మస్తాన్ అబద్ధం చెప్పాడనో, నేనే ఎక్కడో పొరబడ్డాననో మనసుకు సర్దిచెప్పుకునేవాణ్ణి.

మూడు వారాలకు ఓబులేసు తిరుగు ప్రయాణం. విమానం సాయంత్రం ఏడింటికి. ఆరింటికి కౌంటరు మూసేస్తారు. మా ఊరి నుంచి ఆరు గంటల దారి. పదిన్నరకు బయలుదేరితే నాలుగున్నరకు చేరతాం, చాలు అన్నారు అందరూ. ఒప్పుకోలేదు నేను. ఎనిమిదిన్నరకే బయలుదేరాలన్నాను. ఎందుకని అడిగితే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. నా జీవితంలో కారణం లేకుండా ఒక అంకె చెప్పడం అదే మొదటిసారి.

"మొన్న రాడంటివి, వాడు వచ్చె. ఇప్పుడు చాలదంటాండావు. నీ లెక్క ఈడ్చుకపోయి పెన్నలో కలపా!" అంది వదిన. అయినా తమ్ముడికి అన్నం మూట కట్టిచ్చి ఎనిమిదిన్నరకే పంపించింది.

అదే మస్తాన్, అదే కారు. ఈసారి ముందు సీట్లో నేను కూర్చున్నాను. ఒళ్లో నోటు పుస్తకం. ఆళ్లగడ్డ తొమ్మిదీ ఇరవై. నంద్యాల పదీ పది. నంద్యాలలో మూడుచోట్ల ఆగాం, మూడూ రాసుకున్నాను. అక్కడి నుంచి కర్నూలు డెబ్బై ఐదు కిలోమీటర్లు. ప్రతి ఐదు కిలోమీటర్లకూ వాచీ చూసి రాశాను. కళ్లు పక్కకు తిప్పలేదు. స్పీడు ముల్లు యాభైకీ అరవైకీ మధ్యే ఉంది. ఎక్కడా ఆగలేదు. ఓబులేసు వెనక సీట్లో రేణుక గురించి ఏదో చెబుతుంటే ఊఁ కొడుతూనే ఉన్నాను. కర్నూలు చేరేసరికి నా వాచీలో పదకొండూ ముప్పై ఐదు. గంటా ఇరవై ఐదు నిమిషాలు. అచ్చంగా నా లెక్క. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు ఓబులేసు వెనక నుంచి, "బావా, ఒకటింపావు అయ్యింది. అన్నం యాడన్నా ఆపి తిందామా?" అన్నాడు.

నా ఫోను తీసి చూశాను. ఒకటింపావు. మస్తాన్ ఫోనులోనూ ఒకటింపావు. కారు ఆపించి దిగాను. రోడ్డు పక్క రాయి నీడ చూశాను. మధ్యాహ్నం కాకముందైతే నీడ పడమటి వైపు ఉండాలి. తూర్పుకు తిరిగిపోయి ఉంది. సూర్యుడు కూడా ఫోను పక్షమే.

వాచీ చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆడుతూనే ఉంది.

వాచీ మధ్యలో ఆగి మళ్లీ నడిచిందంటారు. ఐదేసి కిలోమీటర్లకు ఒకసారి దాన్ని చూసి రాసినవాణ్ణి నేను. పదిహేను అంకెలూ పుస్తకంలో ఉన్నాయి, ఒకదానికొకటి ఐదారు నిమిషాల తేడాతో. అది ఆగి ఉంటే ఆ తేడాల్లో ఎక్కడో తెలియాలి. ఆ వాచీ అంతకుముందు ఆగలేదు, ఆ తర్వాతా ఆగలేదు. రేడియో వార్తలకు ఈ పొద్దున కూడా సరిగ్గా ఉంది.

ఒకటింపావులో నుంచి పదకొండూ ముప్పై ఐదు తీసేస్తే ఎంతో మీరే చూసుకోండి. గంటా నలభై.

విమానాశ్రయానికి నాలుగూ పదికి చేరాం. వాళ్లన్నట్టు పదిన్నరకు బయలుదేరి ఉంటే ఆరూ పదికి చేరేవాళ్లం. కౌంటరు మూసేసిన పది నిమిషాలకు. సేటు ఇచ్చిన సెలవు ఆ రోజుతో సరి. ఉద్యోగం పోయేది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే వదిన నా మొహం చూసి, "నువ్వు ముందే పొమ్మంటివి, వాడు అందె. సరిపాయె కదా మరిదీ" అంది. సరిపాయెనట!

అక్కడ గంటా నలభై తగ్గింది, ఇక్కడ గంటా నలభై పెరిగింది, రెండూ కలిపితే సున్నా, ఇంక బాధేముంది అన్నాడు మా ఊరి లెక్కల టీచరు. చదువుకున్న మనిషి అనే మాటేనా ఇది? చివర సున్నా వచ్చినంత మాత్రాన లెక్క సరైనట్టు కాదు. రెండు తప్పులు చేసినా సున్నా వస్తుంది. ఆ నిమిషాలు తీసిందెవరు, తిరిగి పెట్టిందెవరు, ఏ హక్కుతో? దయ్యమే అనుకుందాం. దయ్యానికైనా ఒక పద్ధతి ఉండాలి కదా.

ఆ తర్వాత నేను ఆ దారిలో తొమ్మిదిసార్లు పోయి వచ్చాను. మస్తాన్ కారులో, బస్సులో, ఒకసారి ఉల్లిగడ్డల లారీలో కూడా. ప్రతిసారీ ఎంత పట్టాలో అంతే పట్టింది. కర్నూలులో తీసుకున్న టీ ఓర్వకల్లు రాకముందే చల్లారింది.

ఒక సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎక్కువగా పొడిచేది ఆ నిమిషాలు కాదు. ఆ రోజు ఫోనులో నేనన్న మాట. నాలుగేళ్లు సెలవు దాచుకుని, మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు ఎగిరి వచ్చినవాడితో 'అందవు' అన్నాను. లెక్క సరైనదే. ఇప్పుడు వేసినా పదకొండున్నరే వస్తుంది. కానీ నేను ఆ మాట అన్న తర్వాత అటువైపు కాసేపు మాట లేదని చెప్పాను కదా, అది ఎన్ని సెకన్లో నేను చూసుకోలేదు.

వచ్చే నెల రేణుక బిడ్డకు పేరు పెడుతున్నారు. ఓబులేసు వస్తున్నాడు. నిన్న రేణుక ఫోన్ చేసింది.

"చిన్నాయనా, మామ ఎన్నింటికి వస్తాడో లెక్క కట్టి చెప్పు."

గ్లోబు దించాను. జరీ పోగు తీశాను. కొలిచిందే మళ్లీ కొలిచాను. ఎనిమిది సెంటీమీటర్లకు పిసరంత తక్కువ.

"విమానం ఎప్పుడు దిగేదీ చెప్తా. కర్నూలుకు ఎప్పుడొచ్చేదీ చెప్తా" అన్నాను. "కర్నూలు దాటినాక నాకు తెల్దమ్మా."

రేణుక పకపకా నవ్వింది. "నీకు కూడా తెలీదా చిన్నాయనా?"

నేను నవ్వలేదు.